గోడలో తిరిగే పెట్టె

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మేము ప్రొద్దుటూరులో అద్దెకున్నది ఒకప్పటి కన్యాస్త్రీల మఠంలో. వాళ్లు వెళ్లిపోయాక ఒక బట్టల వ్యాపారి దాన్ని కొని రెండిళ్లుగా చేశాడు. మూరెడు మందం రాతి గోడలు, కింద నాపరాళ్లు. మే నెలలోనూ చల్లగా ఉండేది. ముందు భాగం మాది. వెనక భాగంలో గిన్నెలకు కళాయి పూసే సాయిబు కుటుంబం ఉండేది. ఆయన భార్యను నేను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచేదాన్ని.

రెండిళ్ల మధ్య గోడలో పీపాలాంటి గుండ్రటి చెక్క పెట్టె ఉండేది, ఒకవైపే తెరిచి. బయటివాళ్లు సరుకులు పెట్టి తిప్పితే, లోపలి కన్యాస్త్రీలు ముఖం చూపకుండా తీసుకునేవాళ్లట. ఖాలాదీ పరదానే. అమ్మ గిన్నెలో ఓళిగలు పెట్టి తిప్పేది. గిన్నె సేమ్యా పాయసంతో తిరిగొచ్చేది. ఉత్త గిన్నె ఏనాడూ రాలేదు.

ఒకరోజు ఇంటాయన, అదే ఆ బట్టల వ్యాపారి, గోడలు కట్టే బేల్దారిని వెంటబెట్టుకొచ్చాడు. రెండిళ్ల మధ్య బొక్క ఎందుకని, పూడ్పిస్తాడట! చుట్ట కాలుస్తూ ఎంత తేలిగ్గా అన్నాడో. నాకు ఒళ్లు మండింది.

అమ్మ పెట్టె మీద చెయ్యేసింది. "యాడైనా గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు చేతులుండాయప్పా. నరకొద్దు."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో అమ్మ చేతి కిందే పెట్టె కిర్రుమని తిరిగింది. లోపల రెండు గ్లాసుల టీ, పొగలు కక్కుతూ.

"ఎండలో వచ్చినారు. తాగినాంక పని చేసుకోండప్పా," అంది గోడ అవతలినుంచి ఖాలా గొంతు.

బేల్దారి తాపీ కింద పెట్టి తాగాడు. ఇంటాయన నిలబడే తాగాడు. తాగి, ఖాళీ గ్లాసులు రెండూ పెట్టెలో పెట్టి, తన చేత్తోనే అటు తిప్పాడు.