నవ్వితే పడిపోయే పిల్ల

నలిపిన ఉల్లిపాయ వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఉల్లిపాయలు తరిగేది మా ఆయనే. అడిగినవాళ్ళకి కళ్ళు మండుతాయని చెబుతాను గాని అసలు సంగతి అది కాదు. చిన్నప్పుడు నేను నవ్వి కింద పడ్డప్పుడల్లా మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, పచ్చి ఉల్లిపాయ చితక్కొట్టి నా ముక్కు దగ్గర పెట్టేది, చేతిలో బీరువా తాళాలగుత్తి కుక్కేది. మూర్ఛ అనుకునేది పాపం. పాపం అని ఇప్పుడంటున్నాను గాని, అప్పుడు ఆ ఉల్లిపాయని ఇంటి ముందు కాలవలోకి విసిరెయ్యాలనిపించేది.

నాకు పన్నెండేళ్ళు వచ్చిన ఏడాది, రాజోలు దగ్గర మా ఊళ్ళో, ఆ నిద్ర మొదలైంది. రాత్రి ఎనిమిదింటికే పడుకుని తెల్లారేదాకా నిద్రపోయినా పగలు మళ్ళీ వచ్చి మీద పడేది. వానాకాలం పొద్దున పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు పొగలు కక్కుతూ కంచంలోకి వస్తే, కొబ్బరిపచ్చడి అద్దుకున్న ముక్క నోట్లో ఉండగానే కునుకు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకోగానే కునుకు. తొక్కుడుబిళ్ల ఆటలో నా వంతు కోసం గోడకానుకుంటే కునుకు. క్లాసులో నోట్సు రాస్తూ నిద్రపోతే చెయ్యి మాత్రం ఆగేది కాదు, తర్వాత చూసుకుంటే డెల్టా పంటల పాఠం మధ్యలో మా ఇంటి కోళ్ళ సంగతులు ఉండేవి. కళ్ళు మూస్తే చాలు, కల. మెలకువ వచ్చాక కాసేపు కాలూ చెయ్యీ కదిలేవి కావు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండేది. బద్ధకం అన్నారు, దిష్టి అన్నారు, రక్తం తక్కువన్నారు. బద్ధకస్తురాలు పడుకోవాలని పడుకుంటుంది. నేను పడుకోకూడదని తొడ గిల్లుకుంటూనే పడుకునేదాన్ని. ఈ తేడా ఒక్కరికీ పట్టలేదు.

నవ్వితే పడిపోవడం మొదటిసారి కోతపండుగనాడు బయటపడింది. ఆ పండుగకి చర్చి ఆవరణంతా కొత్త బియ్యం, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. కానుకలన్నీ వేలం వేసేది మా అమ్మ తమ్ముడు సామ్యేలు మావయ్య. ఆ ఏడు ఒక గుమ్మడికాయని ఎత్తి పట్టుకుని పెళ్ళిసంబంధం చెప్పినట్టు మొదలుపెట్టాడు. “ఒడ్డూ పొడుగూ చూసుకోండి, మంచి కుటుంబమండి, ఎవరికీ ఎదురు చెప్పదండి!” నవ్వు రాగానే నా దవడ జారింది, మోకాళ్ళు వదిలేశాయి, బియ్యం బస్తా మీద కూలబడ్డాను. కాని తెలివి పోలేదు. తాళాల గలగల, మామ్మ “దీన్నింకెవడు చేసుకుంటాడే” అనడం, అన్నీ వినిపించాయి. నిమిషం లోపే లేచాను.

ఆ సాయంత్రం ఇంట్లో తీర్మానం అయిపోయింది. పిల్లని నవ్వించకూడదు, మావయ్య మా గడప తొక్కకూడదు. దాదాపు ఏడాది నా ఎదట ఎవరూ నవ్వలేదు. పెరట్లో నవ్వుకుంటున్న అమ్మా పిన్నీ నన్ను చూడగానే మొహాలు సర్దుకునేవారు. నిద్రనైనా భరించాను గాని దీన్ని భరించలేకపోయాను. ఒకరోజు బడి నుంచి సరాసరి మావయ్య ఇంటికి వెళ్ళాను.

“నన్ను నవ్వించు మావయ్యా.”

“మీ నాన్నగారు చంపేస్తారే తల్లీ.”

“పడితే పడతాను. నువ్వు చెప్పు.”

మావయ్య లోపల్నుంచి చాప తెచ్చి పరిచాడు. “ఆయ్, అయితే ముందిక్కడ కూర్చో.”

ఆనాటి నుంచి రోజూ ఆ చాప మీద నవ్వి, వాలిపోయి, లేచి ఇంటికి వెళ్ళేదాన్ని. పడ్డాక కూడా నాకు మాట తెలుస్తోందని కనిపెట్టింది మావయ్యే. “ఇది మూర్ఛ కాదేమోనండి బావగారూ” అని నాన్నగారితో గొడవపడి కాకినాడ తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ గురక పెడతానా, నాలుక కొరుక్కుంటానా, పడ్డప్పుడు తెలివి ఉంటుందా అని ఒక్కొక్కటే అడిగారు. రక్తంలో లోటు లేదు, గురక లేదు, నిద్రలో ఊపిరి ఆగడం లేదు. తలకి వైర్లు అంటించి రాత్రంతా చూసి, మర్నాడు పగలు మళ్ళీ మళ్ళీ పడుకోబెడితే దాదాపు ప్రతిసారీ నిమిషాల్లో కలలోకి వెళ్ళిపోయాను. నార్కోలెప్సీ అన్నారు, నిద్రకి సంబంధించిన జబ్బట, నవ్వితే పడిపోవడమూ అందులో భాగమేనట. పూర్తిగా పోదట, మందులతో అదుపులో ఉంటుందట.

“నవ్వొచ్చాండీ?” అని అడిగాను.

“నవ్వకుండా ఎలా ఉంటావమ్మా?” అన్నారావిడ.

ఇప్పుడు అమలాపురంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఇరవై నిమిషాలు పడుకుంటాను. ఎవరికైనా నచ్చకపోతే నచ్చకపోనీ. మామ్మ లేదు. కోతపండుగకి కోళ్ళూ లేవు, వేలమూ లేదు, కానుకలు ఫోన్లో పంపిస్తున్నారు. మావయ్య కూడా పోయిన నెల పోయాడు. స్మరణకూటంలో అందరూ ఆయన ఎంత గంభీరమైన మనిషో చెబుతుంటే నాకు మండి, మైకు దగ్గరికి వెళ్ళాను. “వద్దమ్మా, కూర్చో, నీకు మంచిది కాదు” అన్నారు పెద్దలు. కూర్చోలేదు. మావయ్య పెళ్ళిచూపులకి తెల్ల ప్యాంటు వేసుకుని వెళ్తూ, గోదావరి దాటే పంటు మీద జిగురు పనసపాలు కారిన బల్ల మీద కూర్చున్న సంగతి, పెళ్ళికూతురింట్లో కుర్చీ వేస్తే అంటుకుపోతుందని కూర్చోలేక గోడకానుకుని నిలబడ్డ సంగతి చెప్పాను. “ఎంత మర్యాదండీ, పెద్దల ముందు కూర్చోరు” అని ఆడపెళ్ళివారు మురిసిపోయారు అనేసరికి ముందు వరసలో అత్తయ్య, ఆయన భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు ఆగలేదు. మోకాళ్ళు వదిలేశాయి. నేల మీద పడి, అందరూ పరుగెత్తుకొస్తున్న చప్పుడు వింటూనే ఉన్నాను. ఆ గోలలోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

“ఎవరూ ముట్టుకోకండి, అదే లేస్తుంది. ఇంకా గోడ సంగతి చెప్పలేదు.”

లేచాను. గోడ సున్నం సగం ఆయన ప్యాంటుకి అంటుకుని ఊడొచ్చిన సంగతి చెప్పాను.