చిక్కటి నేత రేడియేటరు

ఆ రోజుల్లో బెజవాడ ఎండకు మనుషులే మరుగుతుంటే, నేను మరిగే కారును వెతుక్కుని మరీ కొన్నాను. ఎన్నో చేతులు మారిన ఎర్ర స్పోర్ట్స్ కారు, సీట్లు రెండే. (కొత్త ఉద్యోగం, పెళ్లికాని వయసు. ఇంతకంటే సంజాయిషీ ఏముంటుంది?) చలిదేశం బండి కావడంతో భవానీపురం దాటకముందే దానికి జ్వరం వచ్చేది. ఇంతలో కంకిపాడులో పెళ్లిచూపులు కుదిరాయి. ఆ అమ్మాయి ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు మరో సంబంధం మీద ధ్యాస లేదు. ఆ కారులోనే ఠీవిగా దిగాలని, పాత రేడియేటరు మార్పించడానికి ఆటోనగర్ వెళ్లాను.

తోడుగా మా బాబాయి వచ్చాడు. ఆయనది చేనేత బట్టల కొట్టు. షాపాయన బల్ల మీద పెట్టిన రెండు అల్యూమినియం రేడియేటర్లనూ పంచె అంచు చూసినట్టు వేలితో నిమిరి, ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"ఇందులోంచి అవతలి గోడ కనపడుతోందేంటండీ? వదులు నేత."

"ట్రాఫిక్‌లో తిరిగే బండికి రేకులు ఎడంగా ఉంటేనే గాలాడుతుందండి. ఆ చిక్కటిది స్పీడు మీద పోయే రేసు బళ్లకి. బండి ఆగితే దాంట్లోంచి ఫ్యాను గాలి లాగలేదు," అన్నాడు షాపాయన.

"మా కొట్లోనూ నాసిరకం అంటగట్టేటప్పుడు గాలి గురించే చెబుతామండీ," అన్నాడు బాబాయి.

నేత విషయంలో ఆయన మాటను మా వంశంలో ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు, అది బట్ట కాదని కూడా అనలేదు. చిక్కటిదే బిగించుకుని వచ్చాం.

పెళ్లిచూపుల నాడు ఇంట్లోవాళ్లు ముందే బస్సులో వెళ్లారు. దుర్ముహూర్తం వచ్చేలోగా నేనూ బాబాయీ కూడా ఆ గుమ్మం తొక్కాలి. బెంజ్ సర్కిల్‌లో ట్రాఫిక్ ఆగింది. చూస్తుండగానే వేడి చూపే ముల్లు ఎరుపులోకి ఎక్కింది.

"బాబాయ్, హీటర్ వేస్తే ఇంజను వేడి లోపలికొచ్చేస్తుంది. అదొక్కటే దారి."

"లోపలికంటే?"

"మన మీదికి."

బాబాయి కండువా తీసి విసురుకోవడం మొదలుపెట్టాడు. "ఒరేయ్ అబ్బాయ్, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో హీటరా?"

వేశాను. ముల్లు దిగింది, మేం ఉడికాం. ఊరు దాటాక బాబాయి కండువా పిండుకుంటూ, "అయినా ఎండాకాలం ఇంత చిక్కటి నేత ఎవడైనా వాడతాడట్రా? పల్చటి మల్లు పంచె కడతాం గానీ. నువ్వన్నా చెప్పొద్దూ," అన్నాడు. ఆ దెబ్బకు హీటరు వేడి కూడా మరిచిపోయాను.

గుమ్మంలో మమ్మల్ని చూసి అమ్మాయి తండ్రి కొయ్యబారిపోయారు. "కాలవలో గానీ పడ్డారా అండీ?"

"లేదండీ, కారులో వచ్చాం," అన్నాడు బాబాయి.

మా అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. బాబాయి చెప్పిన హీటరు కథంతా విన్న అమ్మాయి కాఫీ మానేసి మజ్జిగ తెచ్చిచ్చింది. "కారు పక్కన పెట్టి ఆటోలో రావచ్చు కదండీ?"

"ఆటో దొరికేసరికి దుర్ముహూర్తం వచ్చేస్తుందండీ. మీవాళ్లు ఇంకో సంబంధం చూసేస్తే?" అనేశాను. అలా అన్నది నేనేనని తెలిసి అందరికంటే ఎక్కువ నేనే నిర్ఘాంతపోయాను.

మర్నాడు కంకిపాడు నుంచి సరేనని ఫోనొచ్చింది. అమ్మ రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకుంది.

ఇప్పుడు నేను ఏసీ కారులో కూర్చుని కూడా ఉస్సురంటుంటే, మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆవేళ వచ్చింది మీరేనా?" అంటుంది. ఏమో, నాకూ అనుమానమే. ఆ కుర్రాడు కనిపిస్తే మాత్రం ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చి, కాసేపు వాడి పక్కన కూర్చోవాలనిపిస్తుంది.