ఎల్బియో కుడిచేతి జవాబు

మాంటెవిడియో నగరంలోని పలెర్మో పేటవాళ్లకు దెల్మా ఒలివేరా రెండు రకాలుగా తెలుసు. మామూలు రోజుల్లో ఆమె మెదడులోని విద్యుత్ సంకేతాలను చదివే యంత్రాలు తయారుచేసే ఇంజనీరు. ఆదివారం సాయంత్రాలు వీధి మేళంలో పెద్ద డోలు వాయించేది. ఆమె దెబ్బకు చర్చిలో పునీతుల బొమ్మలు మెడలు తిప్పి చూస్తాయని పేటలో చెప్పుకునేవారు. ఒక బొమ్మ మెడ ఇంకా వంకరగానే ఉంది.

ఆమెకు డోలు నేర్పిన ఎల్బియో పక్షవాతంతో మాటా కదలికా పోయి మంచాన పడ్డాడు. ఎలుకల మెదళ్లతో మొదలుపెట్టిన తన పరిశోధన ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పనికొస్తుందనుకుని, దెల్మా తీగల టోపీ తెచ్చి ఆయన తలకు తొడిగింది. "అవును" అనాలంటే కుడిచేత్తో డోలు కొడుతున్నట్టు ఊహించుకోవాలి. అప్పుడు టోపీకి కలిపిన చిన్న దీపం వెలుగుతుంది. "కాదు" అనాలంటే ఊరుకోవాలి.

"ఇన్నేళ్లు కాపురం చేసినా ఈయన చేత ఒక్క 'అవును' అనిపించలేకపోయాను. నీ టోపీ అనిపిస్తుందా?" అంది ఆయన భార్య చేలా, మాతే కషాయం పీలుస్తూ.

"దీపం అబద్ధం చెప్పదు, దోన్యా చేలా," అంది దెల్మా. పేటలో పెద్దావిడలను గౌరవంగా 'దోన్యా' అనే పిలిచేవారు.

దాహమా అంటే వెలిగింది. టీవీ పెట్టనా అంటే వెలగలేదు. చేలా నమ్మింది.

ఆమె మనసులో ఒకటే ముల్లు. మూలనున్న డోలును చూసి ఎల్బియో కన్నీరు పెట్టుకుంటుంటే తట్టుకోలేక, ఆయన్ని అడక్కుండానే దాన్ని మేళంవాళ్లకు ఇచ్చేసింది. ఒక ఆదివారం ధైర్యం చేసి అడిగింది: "ఏమయ్యా, నీ డోలు ఇచ్చేశానని నామీద కోపంగా ఉందా?"

అప్పుడే, మంట దగ్గర డోళ్ల తోళ్లు కాచి బిగించుకున్న మేళం సందు తిరిగింది. కిటికీ అద్దాలు అదిరాయి. దీపం వెలిగింది. ఎంతకీ ఆరలేదు.

"కోపమేనన్నమాట," అంది చేలా.

"అది జవాబు కాదు, దోన్యా! డోలు వినగానే ఆయన చెయ్యి లోపల్లోపల వాయిస్తోంది. తప్పు నాది. డోలువాడికి డోలు దెబ్బనే గుర్తుగా పెట్టాను."

"అబద్ధం చెప్పదన్నావుగా, పిల్లా."

మేళం దూరమయ్యాక చేలా మళ్లీ అడిగింది. దీపం వెలగలేదు. కానీ ఎల్బియో కళ్లు మూసుకుని ఉన్నాడు. కాదన్నాడో, నిద్రపోయాడో, దెల్మా ఎంతసేపు సంకేతాలు చూపే యంత్రం తెరవైపు చూసినా తేలలేదు. పొద్దున అడుగుదామనుకున్నారు. తెల్లవారకముందే ఆయన పోయాడు.

సమాధి దగ్గర చేలా దెల్మా మోచెయ్యి పట్టుకుంది. "చెప్పవే. కోపమేనా?"

రుజువు లేకుండా ఒక్క వాక్యమైనా రాయని దెల్మా, "లేదు" అంది.

"యంత్రం చెప్పిందా, నువ్వు చెబుతున్నావా?"

"నేనే చెబుతున్నాను."

చేలా నమ్మినట్టు కనిపించలేదు. దెల్మా మోచెయ్యి మాత్రం వదల్లేదు.