కార్జం రంగు

మా అత్తవారింట్లో బరువంటే భక్తి. చెరువులో చేపైనా ఉయ్యాల్లో పిల్లైనా, చేత్తో ఎత్తి చూసి "బరువున్నాది" అంటే చాలు, ఆ పూటకి అందరి కడుపూ నిండిపోతుంది. లోపల ఏముందో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఉప్పుటేరు పక్కనున్న ఊరు. వరి పండించిన కుటుంబం, తర్వాత పొలాన్ని రొయ్యల చెరువు చేసింది. వరసగా రెండు పంటలు రొయ్యకు తెగులు తగిలాక, మా మావయ్య అదే చెరువులో పండుగప్ప వేశారు. సముద్రపు చేపను పెంచడం ఆయనకు కొత్త. ఇది కూడా పోతే చెరువు పూడ్చి కొబ్బరి నాటేస్తానని అందరి ముందూ అన్నారు. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లికి ముందు రెండేళ్లు ఒక హేచరీలో పండుగప్ప పిల్లలకు మేత చూసేదాన్ని. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. ఇంటి వెనకే చెరువు, అందులో నాకు తెలిసిన చేప. అది నిలబడితే నా చదువుకు కూడా ఈ ఇంట్లో కాస్త చోటు దొరుకుతుందని ఆశ పడ్డాను. ఏం మేత వెయ్యాలని నన్నెవరూ అడగలేదు.

మందుల డీలరును అడిగారు. అతను జేబులో నీళ్ల ఉప్పు కొలిచే మీటరు పెట్టుకుని బండి మీద వస్తాడు కనక ఊరంతా అతన్ని డాట్రుబాబు అంటారు. ఏ చెరువుకైనా అతని దగ్గర ఒకటే వైద్యం: ఎదుగుదల పౌడరు. చేప చస్తే పౌడరు తక్కువైంది, బతికితే పౌడరు పనిచేసింది.

మేత మాత్రం మావయ్య సొంత ఆలోచన. ఆమదాలవలస మిల్లు నుంచి తవుడు బస్తాలు తెప్పించారు. రేవులో మిగిలిపోయిన చిల్లర చేపను నూరించి, అందులో తవుడూ నూకల జావా పట్టించి ముద్దలు చేయించారు. చేప తక్కువ, తవుడు ఎక్కువ.

"మావయ్యా, అది చేపను తిని బతికే చేప. తవుడు పెడితే ఒళ్లు చేస్తాది గానీ ఎదగదు" అన్నాను.

"ఒళ్లు సెయ్యడం వేరు, ఎదగడం వేరేటి? సదువుకున్నోలకి అన్నీ రెండేసే."

పక్కనే ఉన్న డాట్రుబాబు అందుకున్నాడు. "వరి తినీ మనం బలంగా నేమేటి బాబాయ్? సేపకీ అంతే. పౌడరు కలిపీయండి, సాలు."

మనిషికీ పండుగప్పకీ ఒకటే కడుపనుకునేవాడు డాక్టరు. తెలిసిన నేను బట్టలు ఆరేసుకుంటున్నాను.

తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెప్పొచ్చు, వింటే. పండుగప్ప ఒళ్లు మాంసకృత్తులనీ, చేపనూనెనీ వాడుకోవడానికి అమరింది. పిండిపదార్థం పెడితే అది చక్కెరై రక్తంలోకి వెళ్లి, తొందరగా ఖర్చు కాక తిరుగుతూ ఉంటుంది. పుట్టుకతోనే షుగరున్న మనిషి లాంటిదన్నమాట. మిగిలినదంతా కార్జంలో, అంటే లివర్లో, పేరుకుంటుంది, కొవ్వుగా మారుతుంది. కండ పట్టదు, పొట్ట పడుతుంది. తూకంలో మాత్రం కాటా ముల్లు కదులుతుంది.

మావయ్యకు ఆ ముల్లు చాలు. పదిరోజులకోసారి విసురు వల వేయించి, చేపను కొక్కేనికి తగిలించి, గట్టు మీద ఫొటో తీయించుకునేవారు. నేను ఆ చేపల పొడుగు కొలిచేదాన్ని. పాపను కొలిచే గుడ్డ టేపుతోనే. పాప పొడుగు పెరుగుతోంది, బరువు పెరగడం లేదు. చేపలు బరువు పెరుగుతున్నాయి, పొడుగు పెరగడం లేదు. మా ఇంట్లో చేపలకు పొగడ్తలు, నా కూతురికి తిట్లు.

"గుంట సీపురుపుల్లలాగున్నాది. తిండెట్టడం రాదేటే నీకు?" అనేది అత్త.

డాట్రుబాబు పిల్లకి కూడా ఏదో డబ్బా రాసిచ్చాడు. నేను ఆ చీటీ చించి పొయ్యిలో పడేశాను. అయినా స్నానం చేయించేటప్పుడు రోజూ ఆ పక్కటెముకలు లెక్కపెట్టేదాన్ని. వీళ్లను చూసి నవ్వుకుంటూనే వీళ్ల లెక్కే వేసుకునేదాన్ని.

వైశాఖంలో ఒక ఉదయం, పెద్దవీ చిన్నవీ వేరు చేద్దామని వల లాగారు. నీళ్లు చాలానే ఉన్నాయి. అయినా వలలో కాసేపు గుమిగూడగానే బొద్దుగా ఉన్నవి ముందు వెల్లకిలా తేలాయి. డజనుకు పైగా. ఎండ దెబ్బ అన్నాడు డాట్రుబాబు. అదే ఎండలో సన్నవి ఈదుతూనే ఉన్నాయి.

చచ్చినవాటిలో ఒకదాన్ని అత్త పెరట్లో కత్తిపీట దగ్గర పెట్టుకుంది. మా వైపు పెద్ద చేప కోస్తే కార్జం ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లకు వేపి పెడతారు. పొట్ట చీల్చగానే అత్త కేక పెట్టింది.

"ఓలమ్మ! ఎంత కార్జమో సూడే! ఎన్నముద్దలాగున్నాది. గుంటకి ఏపి పెట్టు."

అరచేయంత ఉంది. ముదురెరుపుగా ఉండాల్సింది పాలిపోయి, పసుప్పచ్చగా, వేలు పెడితే గుంట పడేలా ఉంది.

"ఇది నా కూతురికి పెట్టను అత్తా. జబ్బు కార్జం."

"జబ్బేటే, అంత బలంగుంటే!"

అరుగు మీదున్న మావయ్యకు ఆ మాట వినిపించింది. మనవరాలి సంగతి ఆయనకు పట్టలేదు, చేప పరువు పోయిందని బాధ. మర్నాడు తెల్లారే రేవుకు వెళ్లి, సముద్రంలో పడిన పండుగప్పను అదే సైజులో తెచ్చారు. డాట్రుబాబును పిలిచారు. నిన్న చచ్చినవాటిలో ఐసులో పెట్టిన ఒకటి తీయించి పక్కన పడుకోబెట్టారు.

"రెండూ కొయ్యమ్మా. ఏది బలమో అందరం సూద్దాం."

కోశాను. సముద్రపు చేప కార్జం చిన్నది, కాఫీ గింజ రంగు. మనది దానికి మూడింతలు. మావయ్య పకపకా నవ్వారు.

"సూసినావా? తిండి లేక దాని కార్జం ఎండిపోనాది."

నేను స్టీలు బేసిన్లో నీళ్లు తెచ్చి రెంటినీ అందులో వేశాను. చిన్నది అడుక్కి వెళ్లి కూర్చుంది. మనది నూనెలో బూరెలా పైకి తేలింది. నొక్కితే మునిగి, వదిలితే మళ్లీ లేచింది.

"కొవ్వు మావయ్యా. అందుకే తేలతన్నాది."

మావయ్య బేసిన్లోకి వంగి చూసి అన్నారు: "నీల్లో ఉప్పేటైనా కలిపినావేటి?"

అత్త వేలు ముంచి నాకింది. "సప్పటి నీలే" అంది. ఆ ఇంట్లో నాకు అనుకూలంగా పడిన మొదటి సాక్ష్యం అది.

"అది స్టాకు మేడమ్. బలం దాసుకున్నాది" అన్నాడు డాట్రుబాబు.

"అంత బలం దాచుకున్నది వలలో ఎందుకు చచ్చిపోయింది?"

అతను ఫోను చూసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కార్జానికి కూడా ఒక టానిక్కు ఉందని చెప్పి మరీ వెళ్లాడు.

తవుడు బస్తాలు గేదెల దగ్గరకు చేరాయి. చేపలకు చేపపొడితో చేసిన, నీళ్ల మీద తేలే గుళికల మేత తెప్పించారు. రెండు పూటలా నేనే గట్టు మీద నిలబడి వేయించేదాన్ని. మావయ్య చేటతో కుమ్మరించబోతే ఆపేదాన్ని. "మొహం తిప్పితే ఆపీయాలి మావయ్యా. అవి వద్దన్నాక వేసిందంతా దండగే." ఆయన విసుక్కుంటూ ఆపేవారు. టీ కొట్టు దగ్గర మాత్రం, తవుడు మీద తనకు మొదట్నుంచీ డౌటుందని చెప్పారట. ఆ డౌటు ఎక్కడ దాచుకున్నారో మరి, కార్జంలో కాబోలు.

శ్రావణం దాటాక ఒక చేప కోశాం. కార్జం చిన్నదైంది, రంగు తిరిగింది. అత్త నాకన్నా ముందే బేసిన్ తెచ్చింది. వేస్తే మునిగింది. కొబ్బరి మొక్కల మాట మావయ్య మళ్లీ ఎత్తలేదు.

ఆ కార్జాన్ని మిరియం వేసి వేపి, పాపను ఒళ్లో పెట్టుకున్నాను. రెండు ముక్కలు తింది. మూడోదానికి మొహం తిప్పేసింది. నేను కాకిని చూపించాను, కుక్కను పిలిచాను, ఆఖరికి రెండు బుగ్గలూ నొక్కి పట్టుకుని ముక్క లోపలికి తోశాను. బయటికి ఊసింది. మళ్లీ తోశాను.

"ఒగ్గీయమ్మా" అన్నారు అరుగు మీంచి మావయ్య. "మొహం తిప్పీసింది కదా. నువ్వే కదా సెప్పినావు."

ఆయన నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది, ఏదో ఒకటి అనగలిగేదాన్ని. పాప బుగ్గల మీద నా వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. దాన్ని కిందికి దించాను. పాకుతూ ఆయన దగ్గరకే పోయింది.

మిగిలిన కార్జం నేను తినేశాను. ఉప్పు తక్కువైంది.