గోడ నిండా మా బావే

మా అక్క మొగుడు టాక్స్ కన్సల్టెంట్. పన్ను అధికారి ముందు జనం తరఫున మాట్లాడడం ఆయన పని. ఆ పని ఒక్కటీ వదిలేసి, దాన్ని నేర్పే కోర్సులన్నీ చేశాడు. ఆఫీసు గోడ మీద సర్టిఫికెట్లకు చోటు చాలక అక్కా తనూ దిగిన పెళ్లి ఫొటోని బీరువా వెనక్కి తోశాడు. డిగ్రీల అక్షరాలు పెరిగి పెరిగి, బోర్డు మీద ఆయన పేరు ఓ మూలకి నక్కింది. ఎవరైనా నోటీసు పట్టుకుని వస్తే దాన్ని చదవడు, ముందు గోడ చూపిస్తాడు.

నా హార్డ్‌వేర్ షాపు లెక్కల మీద అధికారి విచారణకు పిలిచాడు. బావ "నేనున్నాగా" అన్నాడు. వెర్రివాణ్ణి, నమ్మాను. ఆ ఉదయం అధికారి గది బయట బెంచీ మీద కూర్చుని ఫోన్ చేశాను.

"బావా, ఎక్కడున్నావ్? మనల్ని పిలుస్తున్నారు!"

"క్లాసులో ఉన్నా బామ్మర్దీ," అన్నాడు గుసగుసగా. "విచారణలో ఎలా వాదించాలో చెప్తున్నారు. మధ్యలో లేస్తే సర్టిఫికెట్ ఇవ్వరు."

నేనొక్కణ్ణే లోపలికెళ్లాను. కేసు పోయింది.

సాయంత్రం ఆయన ఆఫీసుకెళ్తే కొత్త సర్టిఫికెట్ కోసం గోడకు మేకు కొడుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడతాడనుకున్నాను. నాదే బుద్ధి తక్కువ.

"దిగులెందుకురా, అప్పీలుకెళ్దాం. దానికీ కోర్సుంది, వచ్చే నెల చేరుతున్నా," అన్నాడు. "నీ షాపు నుంచి ఇంకో మేకు పంపించు."