బాపు అంతా విన్నాడు

1990ల చివర్లో మా బాపుకు, అంటే నాన్నకు, గుండె రక్తనాళం మూసుకుపోయిందని కరీంనగర్ డాక్టర్ తేల్చాడు. స్టెంట్ వేయించాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. చొప్పదండి నుంచి బాపును తీసుకుని అన్నా నేనూ బయలుదేరాం. చిన్న పనేనని, పూర్తి మత్తు కూడా అక్కర్లేదని అక్కడి పెద్ద డాక్టర్ చెప్పాడు.

బాపును లోపలికి తీసుకుపోయాక, చెప్పిన సమయం దాటిపోయింది. మనుషులు లోపలికి పరుగెత్తుతున్నారు. ఒకతను రక్తం సంచులు పట్టుకుపోయాడు. ఏమైందని అడిగితే కూర్చోమన్నారు, అంతే. సాయంత్రం పెద్ద డాక్టర్ వచ్చి, కొంచెం ఆలస్యమైంది గానీ స్టెంట్ బాగా కూర్చుందన్నాడు. అన్న ఆయన కాళ్లకు మొక్కాడు.

మర్నాడు చూడనిచ్చారు. బాపు రొమ్ము ఎముక కింద నుంచి గొట్టం, దాని చివర సంచిలో రక్తం. స్టెంట్ పంపింది తొడ దగ్గరి నుంచి కదా, ఇదేమిటని నర్సును అడిగితే ముఖం తిప్పుకుంది. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, నేను మెలకువతోనే ఉన్న. అంత ఇన్న. నరం చినిగిందని వాళ్లల్ల వాళ్లు చెప్పుకున్నరు. ఊపిరాడ్తలేదు, ఏమైతుందని అడిగిన. ఎవ్వలు నా దిక్కు చూడలే. నా గుండెల ఏమైతుందో గా గదిల అందరికి తెల్సు, నాకు తప్ప."

నా ఒళ్లు మండిపోయింది. నేరుగా డాక్టర్ గదికి నడిచాను. అన్న అడ్డం వచ్చాడు. "పానం కాపాడిన మనిషితోటి కొట్లాటేంది చెల్లె? జర ఊకో." ఆ క్షణాన డాక్టర్ మీద కంటే అన్న మీదే ఎక్కువ కోపం వచ్చింది. తోసుకుని లోపలికి పోయాను.

చెప్తే భయపడతారని చెప్పలేదన్నాడు డాక్టర్. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి నాళం చిరుగుతుందన్నాడు. నా గొడవ అది కాదు.

"చినిగితే చినిగింది సార్. దాచుడెందుకు? నాకు గాదు, పోయి ఆయనకు చెప్పుండ్రి."

డాక్టర్ లేచి నా వెంట వచ్చాడు. బాపు మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాడు. చిన్న బుడగను నాళంలోనే ఉబ్బించి పట్టుకుని రక్తాన్ని ఆపారట. రక్తం గడ్డకట్టకుండా ముందు ఇచ్చిన మందుకు విరుగుడు వేశారట. గుండె చుట్టూ నిండిన రక్తం గుండెను నొక్కేస్తుంటే సూదితో గుచ్చి బయటికి లాగి, అక్కడే ఈ గొట్టం పెట్టారట. అప్పటికీ ఆగకపోతే గుండె ఆపరేషన్‌కు మనుషుల్ని సిద్ధంగా ఉంచారట.

బాపు విని, "మల్ల చినుగుతదా?" అని అడిగాడు.

ఇప్పుడైతే రక్తం ఆగిందని, గొట్టం తీసేదాకా కనిపెట్టుకునే ఉంటామని అన్నాడు డాక్టర్. బాపు తలూపి, గంజి అడిగి తాగి, కళ్లు మూసుకున్నాడు.

తర్వాత చాలా ఏళ్లు పొలం చూసుకుంటూ బతికాడు. బతికించింది ఆ డాక్టర్ చేతులే, కాదనను. చుట్టాలొచ్చినప్పుడల్లా అన్న ఇప్పటికీ ఆయన్ను దేవుడంటాడు. నేను లేచి వంటింట్లోకి పోతాను.