బ్యాంకు మామ కథ ఆపిన చోటు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

టీవీలో బార్సిలోనా ఒలింపిక్ ఆటలు వచ్చిన ఏడాది, మన నేతవాళ్లు వలస వెళ్లిన పాండేసరలో మా పక్కింటి అన్నదమ్ములు తండ్రి వదిలిపోయిన మగ్గాల షెడ్డు కోసం కొట్టుకోబోయారు. తీర్పుకు, బ్యాంకులో పనిచేసే మా వాడ పెద్దమనిషి బ్యాంకు మామను పిలిచారు. ఆయనకు పరదేశపు రాజుల చరిత్రంటే పిచ్చి. ఏ తగవుకైనా ఒక రాజును పట్టుకొచ్చేవాడు.

"జర ఇనుండ్రి. గా బార్సిలోనను తండ్రి తర్వాత కొడుకు, తరతరాలు కౌంట్ దొరలే ఏలిండ్రు. అండ్ల ఒక దొర కవల కొడుకులిద్దరికీ గద్దె రాసిచ్చి పోయిండు. కోటల ఆర్నెల్లు అన్న, ఆర్నెల్లు తమ్ముడు. మీరూ గట్లనే షెడ్డు నడుపుండ్రి."

"దొరలే ఒప్పుకున్నంక మనదేముంది?" అంటూ అన్న మెత్తబడ్డాడు.

తమ్ముడు మాత్రం, "తర్వాత ఏమైంది మామా?" అన్నాడు.

మామ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. కథ ముదిరితే ఆయనకు అద్దాలు మసకబారేవి. "ఏమైతది? మంచిగనే నడిచింది."

ఇద్దరూ సరేనని వెళ్లిపోయారు. ఆ దొరల సంగతేమైందని నేను అడగడం వదల్లేదు.

"అడవికి పోయిన అన్న దొర శవమై దొరికిండు. తమ్ముడే సంపిచ్చిండన్నరు," అన్నాడు మామ మెల్లగా.

"మరి గది చెప్పకపోతివేంది?"

"చెప్తే తమ్మునికి ఉపాయం ఇచ్చినట్టు కాదా బిడ్డా?"

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ అన్నదమ్ములకు ఎప్పుడూ సగం కథే తెలియాలి.